అద్దాల కొట్టు రెండోచెంప

ఆయనకు కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటి ఉండేది గాని, వీధి పెట్టిన పేరు ముందు అది నిలవలేదు. వీధి ఆయన్ని రెండోచెంప అంది. ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమన్న ప్రభువు మాటను ఈ కాలంలో కూడా నమ్ముకుని కూర్చున్నాడని ఎగతాళి. కొట్టు ముందు సైకిలు ఆపి "రెండోచెంప ఉన్నాడా?" అని అడిగేవాళ్ళు. "ఉన్నాను, ఏం పగిలింది?" అంటూ ఆయనే బయటికి వచ్చేవాడు. కోపం తెచ్చుకునేవాడు కాదు. నిజం చెప్పాలంటే ఆ పేరంటే ఆయనకు లోలోపల ఇష్టమే. కొందరికి గర్వం మీసంలో ఉంటుంది, ఈయనకు చెంపలో ఉండేది. ఆ సంగతి ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కిటికీలకూ తలుపులకూ పటాలకూ అద్దాలు కోసి బిగించడం ఆయన పని. బల్ల మీద గోనె పరిచి, గోనె మీద గాజుపలక పెట్టి, కట్టరుతో ఒక్క గీత గీసేవాడు. రెండోసారి గీస్తే గాజు అలిగి అడ్డదిడ్డంగా విరుగుతుంది. గీసిన చోట బల్ల అంచుకు ఆనించి మెల్లగా నొక్కితే టక్కుమని రెండయ్యేది. తర్వాత చట్రంలో కూర్చోబెట్టి, చుట్టూ లప్పం పూసి, బొటనవేలితో నున్నగా దిద్దేవాడు. ఆ బొటనవేలి మీద పాత గాట్ల గుర్తులు లెక్కలేనన్ని. ఎదురుగా టీకొట్టు నడిపే ముసలాయన గ్లాసు అందిస్తూ రోజూ ఒకే మాట అనేవాడు.

"శాంతి శాంతి అని నువ్వే అంటావు. ఎవడో ఒకడు రాయి వేస్తేగాని నీ పొయ్యిలో పిల్లి లేవదు. ఏం భక్తయ్యా నీది?"

"రాయే కావాలా? గాలివాన చాలదూ? పిల్లల బంతులు చాలవూ?" అని ఈయనా రోజూ ఒకే జవాబు చెప్పేవాడు. ఇద్దరికీ ఆ మాటలు అరిగిపోయాయి గాని మానేవాళ్ళు కాదు. రోజంతా కలిపి ఆయనతో ఎవరైనా ఆడిన సరదా మాట అదొక్కటే.

దుకాణాల ముందు బిగించే నిలువెత్తు అద్దాల పని ఆయన ఒప్పుకునేవాడు కాదు. నిలువెత్తు పలకను ఒక్కడు మొయ్యలేడు. ఇద్దరు కావాలి, ఇద్దరి అడుగూ కలవాలి, ఒకడు ఆగితే రెండోవాడికి చెప్పకుండానే తెలియాలి. ఒకప్పుడు ఆయనకు అలాంటివాడు ఉండేవాడు. సొంత తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ చెరో అంచూ పట్టుకుని అద్దం మోసుకుపోతుంటే వీధిలో వాళ్ళు ఆగి దారి ఇచ్చేవాళ్ళు. తమ్ముడికి ఒక కన్ను పోయాక ఆ పని ఆగింది. ఆ కన్ను ఎలా పోయిందన్నదే ఈయన జీవితానికంతా కథ.

ఊళ్ళో రెండు వర్గాలు కొట్టుకుచచ్చిన రోజులవి. ఎందుకు కొట్టుకున్నారని ఇప్పుడు అడిగితే వాళ్ళే తడుముకుంటారు. ఈ అన్నదమ్ములు ఆ రెండింటిలో దేనికీ చెందరు. అయినా చేతిలో రాళ్ళున్నవాళ్ళకు అద్దాల కొట్టు కనపడితే, ఆకలితో ఉన్నవాడికి వడ్డించిన కంచం కనపడ్డట్టే. గుంపు వీధిలోకి తిరిగింది. తమ్ముడు మూలనున్న ఇనపకడ్డీ అందుకుని గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. అన్న వెనకనుంచి వచ్చి, రెండు చేతులూ తమ్ముడి చంకల కిందుగా పోనిచ్చి, కదలకుండా బిగించి పట్టుకున్నాడు. "వద్దురా, ప్రభువు మెచ్చడు, పారెయ్" అన్నాడు. కడ్డీ కిందపడింది. అప్పుడొచ్చిన రాయి తమ్ముడి ఎడమకంటికి తగిలింది. రక్తం చూసి గుంపు జడిసింది. నలుగురూ నాలుగు దిక్కులకూ పోయారు, కొట్టులో ఒక్క అద్దమూ పగలలేదు.

అన్నదమ్ములు వెళ్ళే ప్రార్థనమందిరం చిన్నది. వాళ్ళది కత్తి పట్టని సంఘం. తాతల కాలంనుంచీ సైన్యంలో చేరరు, కోర్టుకెక్కరు, తిట్టినవాడిని తిరిగి తిట్టరు. తిట్టకుండానే చూపుతో చంపెయ్యగలిగిన ముసలమ్మలు వాళ్ళలోనూ ఉన్నారు, అది వేరే సంగతి. అలాంటి సంఘానికి ఈ సంఘటన దేవుడిచ్చిన వరంలా దొరికింది. ప్రసంగం చెప్పే అయ్యగారు ఏ వాక్యం ఎత్తుకున్నా చివరికి అక్కడికే వచ్చేవారు. "మన మధ్యనే ఉన్నాడొక సహోదరుడు. శత్రువు వాకిట్లోకి వస్తే ఆయుధం పట్టలేదు, పట్టినవాడి చేత కింద పెట్టించాడు." అందరూ తలలు తిప్పి రెండోచెంపను చూసేవాళ్ళు. ఆయన తల వంచుకునేవాడు. వంచుకోవడం వినయం వల్లనే అని తనూ అనుకునేవాడు. కుడివైపు బల్లల్లో చివర కూర్చున్న తమ్ముడిని ఎవరూ చూసేవాళ్ళు కాదు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. రొట్టె విరిచే ముందు అయ్యగారు కాసేపు మౌనంగా నిలబడతారు. ఎవరికి ఎవరితో పేచీ ఉన్నా ఆ కాస్త సమయంలోనే లేచి వెళ్ళి చెయ్యి చాపాలి. అవతలివాడు పట్టుకుంటే ఇద్దరూ కూర్చుని రొట్టె తీసుకోవచ్చు. పట్టుకోకపోతే చాపినవాడు బయటికి వెళ్ళిపోవాలి, పట్టుకోనివాడు రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు ముట్టకుండా పక్కవాడికి అందించాలి. మామూలుగా ఇవి అత్తాకోడళ్ళ తగాదాలు, అద్దె ఇళ్ళ తగాదాలు, ఒకటి రెండు వారాల్లో తేలిపోయేవి. ఈ అన్నదమ్ములది మాత్రం ఏళ్ళ తరబడి తేలలేదు. ప్రతి ఆదివారమూ రెండోచెంప లేచి, బల్లల వరసల మధ్య నడవ దాటి, తమ్ముడి ముందు చెయ్యి చాపేవాడు. తమ్ముడు గోడ చూసేవాడు. ఈయన బయటికి వెళ్ళి, చెప్పులు విడిచే చోట గోడకానుకుని, లోపల పాట అయ్యేదాకా నిలబడేవాడు. ఎండలోనూ అక్కడే, వానలోనూ అక్కడే. రొట్టె రుచి ఎలా ఉంటుందో ఆయన మరిచిపోయాడు.

ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. కింద కొట్టూ, కొట్టు వెనక ఈయన గదీ. పైన తమ్ముడి సంసారం. తమ్ముడు మందుల గోదాములో పెట్టెలు సర్దే పనిలో చేరాడు. పొద్దున్నే మెట్లు దిగే చప్పుడు, సాయంత్రం ఎక్కే చప్పుడు, మధ్యలో మాట లేదు. మరదలు మంచి మనిషి. వండిన కూర ఒక గిన్నెలో తెచ్చి గది గడపలో పెట్టి "బావగారూ, చల్లారిపోతుంది" అని కేక వేసి వెళ్ళేది. ఆవిడ ఇద్దరి మధ్యా నలిగిపోయింది గాని, ఇటు మాట అటు, అటు మాట ఇటు మొయ్యలేదు. పైన నవ్వులు వినపడితే ఈయన చేతిలో పని ఆపేవాడు. ఏ మాటకు నవ్వారో తెలిస్తే బాగుండుననిపించేది.

పెళ్ళి మాట ఒకసారి వచ్చింది. పిల్ల తండ్రి లారీలు నడిపిన మనిషి, సూటిగా అడిగాడు. "రేపు నా కూతుర్ని ఎవడన్నా ఏమన్నా అంటే నువ్వేం చేస్తావు బాబూ?"

"ప్రార్థన చేస్తానండి."

"అది నేను ఇంట్లో కూర్చుని చేసుకోగలను" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. వీధి వారం రోజులు నవ్వుకుంది. రెండోచెంప నవ్వలేదు, ఏడవనూ లేదు. విశ్వాసం కోసం నష్టపోయానని సర్దిచెప్పుకున్నాడు. కాని ఆదివారం మధ్యాహ్నాలు కొట్టు మూసి ఉండేది, చెయ్యడానికి పని ఉండేది కాదు, పైన పిల్లలతో తమ్ముడు ఏదో ఆడుతూ ఉండేవాడు. ఆ పూటలు గడవడం ఆయనకు చాలా కష్టంగా ఉండేది. ఒంటరితనం ఆయనకు అలవాటైపోయిందని వీధి అనుకుంది. దానికి అలవాటు పడేవాళ్ళు ఉంటారేమో గాని ఈయన పడలేదు.

అలా ఉండగా ఒకరోజు అయ్యగారు కొట్టుకు వచ్చారు. సంఘం పెట్టిన రోజు వస్తోంది, వేరే ఊళ్ళనుంచి పెద్దలు వస్తున్నారు, శాంతి గురించి సభలాంటి కూడిక.

"మీ అన్నదమ్ములిద్దరూ ముందుకొచ్చి పక్కపక్కన నిలబడితే చాలు. కథ నేను చెప్తాను. మీ తమ్ముడు కూడా మెత్తబడతాడేమో, ఎవరికి తెలుసు. ఒకసారి అడిగి చూడండి" అన్నారు.

రెండోచెంప గుండెలో ఆశ పుట్టింది. పదిమంది ముందు పక్కన నిలబడ్డాక తమ్ముడు చెయ్యి పట్టుకోకుండా ఉంటాడా? ఆయనకు ఈ లోకంలో కావలసింది అదొక్కటే. శనివారం తమ్ముడు ఇంట్లో ఉంటాడని తెలిసి, లప్పం చేతులు రెండుసార్లు కడుక్కుని, చెప్పవలసింది గొణుక్కుంటూ మెట్లెక్కాడు. ఆ మెట్లు ఎక్కి ఎంతకాలమైందో.

తమ్ముడు కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. ఒంటి కంటితో సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. మరదలు బావగారిని చూసి, పిల్లల్ని తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది.

"అయ్యగారు అడగమన్నారు" అని మొదలుపెట్టాడు రెండోచెంప. కూడిక సంగతి చెప్పాడు, పెద్దల సంగతి చెప్పాడు. చివరికి తన మాట చెప్పాడు. "ఆ రోజు నేను చెయ్యెత్తలేకపోయానురా. నా విశ్వాసం ఎత్తనివ్వలేదు. అందుకు నీ కన్ను పోయింది. దానికి నన్ను క్షమించు."

ప్రతి ఆదివారమూ చాపిన చేతి వెనక ఉన్నది ఈ మాటే. పైకి అనడం ఇదే మొదలు.

తమ్ముడు దారం వదిలేసి తల పూర్తిగా ఇటు తిప్పాడు. "నువ్వు చెయ్యెత్తలేదని నాకు కోపమని ఎవరు చెప్పారు?"

"మరి?"

"నేను కడ్డీ తియ్యకుండా ఉండాల్సింది. అది నాకూ తెలుసు, నేనూ ఆ మందిరంలోనే పెరిగాను. దింపమన్నావు, దింపేశాను. కాని అన్నయ్యా, నువ్వెక్కడ నిలబడ్డావు?"

రెండోచెంపకు ప్రశ్న అర్థం కాలేదు.

"నా వెనక నిలబడ్డావు" అన్నాడు తమ్ముడు. గొంతు పెంచలేదు. "నా రెండు చేతులూ కట్టేసి, నా వీపు చాటున నిలబడ్డావు. వచ్చేది నాకే తగలాలి, తప్పుకోడానిక్కూడా లేదు. ముందుకొచ్చి నిలబడొచ్చుగా? నన్ను లోపలికి తోసి, గుమ్మంలో నువ్వుండొచ్చుగా? వాళ్ళని కొట్టమని ఎవరన్నారు. ఊరికే నిలబడితే చాలు."

తమ్ముడు సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టాడు.

"తోటలో ప్రభువుని పట్టుకోడానికి వచ్చారు చూడు. శిష్యుడు కత్తి తీస్తే లోపల పెట్టెయ్యమన్నాడు. మన కథ ఎత్తినప్పుడల్లా అయ్యగారు అక్కడే మొదలుపెడతాడు. దానికి ముందు ఏం జరిగింది? తనే ఎదురెళ్ళి, మీరు వెతికేది నన్నే, వీళ్ళని పోనివ్వండి అన్నాడు. ఆ తర్వాతే కత్తి దించమన్నాడు. నువ్వు ముందుది వదిలేసి వెనకది చేశావు. చేసి, మంచివాడివైపోయావు."

రెండోచెంప వెనక్కి తిరిగాడు. మెట్లు దిగి వచ్చేశాడు.

ఆ సాయంత్రం ఒకావిడ పటం బిగించమని తెచ్చింది. కట్టరు అందుకుని మళ్ళీ కింద పెట్టేశాడు. రేపు రమ్మన్నాడు. బల్ల ముందు కూర్చుని ఆ రోజును మళ్ళీ మొదటినుంచి చూసుకున్నాడు. అయ్యగారు చెప్పిన కథలోంచి ఇన్నాళ్ళూ చూశాడు, ఇప్పుడు తన కళ్ళతో చూడబోయాడు. కనపడింది తమ్ముడి వీపు. చెమటకు తడిసిన చొక్కా, ఆ చొక్కాకు తన ముఖం ఎంత గట్టిగా ఆనించాడో. అప్పుడు ప్రార్థన చేస్తున్నానని అందరికీ చెప్పాడు. చెయ్యలేదు. భయపడ్డాడు, కళ్ళు మూసుకుని దాక్కున్నాడు. భయపడటం తప్పేమీ కాదు, ఎవడైనా భయపడతాడు. ఆ భయానికి భక్తి అని పేరు పెట్టుకుని ఇన్నేళ్ళు బతికినందుకు ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుపు వచ్చింది. పైకి వినపడుతుందేమోనని గోనె నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

కూడిక రోజున మందిరం నిండిపోయింది. బయటి ఊళ్ళ పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. తమ్ముడు ఎప్పటిలాగే చివర బల్లలో ఉన్నాడు. అయ్యగారు కత్తి దించమన్న చోట మొదలుపెట్టి, "మన మధ్యనే ఉన్నాడొక సహోదరుడు" దాకా వచ్చారు. తలలన్నీ తిరిగాయి. రెండోచెంప లేచి నిలబడ్డాడు. అయ్యగారు సంతోషంగా ముందుకు రమ్మని సైగ చేశారు. ఆయన ఉన్నచోటునుంచి కదలలేదు.

"అయ్యగారూ, ఆ కథ అలా జరగలేదండి. గుంపుకు ఎదురుగా ఉన్నది మా తమ్ముడు. నేను వాడి చేతులు పట్టుకుని వెనక దాక్కున్నాను. నాకు తగలాల్సింది వాడికి తగిలింది. ఇంక ఈ కథ చెప్పకండి."

అంతే చెప్పి కూర్చున్నాడు. ముసలమ్మలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయ్యగారు దగ్గి, కళ్ళజోడు తీసి తుడిచి, వేరే వాక్యం వెతుక్కున్నారు. బయటి పెద్దల్లో ఒకాయన పక్కనున్నాయన్ని ఏమన్నాడని చెవిలో అడిగాడు. ఇన్నాళ్ళూ తల తిప్పి చూసినవాళ్ళు ఇప్పుడు ఎటు చూడాలో తెలియక చేతులు చూసుకున్నారు. రెండోచెంపకు ఆ మందిరంలో ఉన్న కాస్త మర్యాదా ఆ పూటతో పోయింది.

రొట్టె వేళకు అయ్యగారు మౌనంగా నిలబడ్డారు. రెండోచెంప లేచాడు, నడవ దాటలేదు, తిన్నగా బయటికి వెళ్ళిపోయాడు. గోడకానుకుని నిలబడ్డాడు. ఎదురుగా చెప్పులు, వాటి మీద ఎండ. కాసేపటికి తలుపు చప్పుడైంది. తమ్ముడు వచ్చి, చెప్పులు వేసుకోకుండా, కాస్త ఎడంగా అదే గోడకానుకున్నాడు.

"ఇవాళ చెయ్యి చాపలేదేం?"

"ముఖం చెల్లలేదురా."

తమ్ముడు ఊఁ కొట్టాడు. లోపల పాట ఎత్తుకున్నారు.

"పాపం అయ్యగారు. వచ్చే వారంనుంచి ఏం చెప్పుకుంటాడో" అన్నాడు తమ్ముడు.

రెండోచెంపకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

"క్షమించేశానని అనుకోకు."

"అనుకోనురా."

"ఆ రోజు నువ్వు కళ్ళు మూసుకున్నావు కదా?"

"మూసుకున్నాను."

"నేను మూసుకోలేదు. రాయి వేసినవాడిని చూశాను." తమ్ముడు వీధి వైపు చూస్తూ మాట్లాడాడు. "బస్టాండు దగ్గర తాళాలు బాగుచేస్తాడు. మన ఊళ్ళోనే ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు."

రెండోచెంప గోడ వదిలి ముందుకు వచ్చాడు. "ఇన్నాళ్ళూ తెలుసా? ఎవరికీ చెప్పలేదేం?"

"పోలీసులకు చెప్తే వాణ్ణి కొడతారు. వీధికి చెప్తే చంపుతారు."

"నాకన్నా చెప్పకూడదూ?"

"నీకు చెప్తే వాడి దగ్గరికెళ్ళి వాడి కోసం ప్రార్థన చేస్తావు. అది మాత్రం నేను భరించలేను."

తమ్ముడు కాలితో ఒక చెప్పును నీడలోకి జరిపాడు. మళ్ళీ తనే అన్నాడు. "మొన్న బస్సులో ఎదురయ్యాడు. బస్సు నిండా జనం. చేతిలో పెద్ద సంచీ, నిలబడలేకపోతున్నాడు. నా పక్కన కాస్త చోటుంది. నన్ను చూసి గుర్తుపట్టాడు, వాడి ముఖం పాలిపోయింది."

"నువ్వేం చేశావు?"

"కొంచెం జరిగాను. కూర్చున్నాడు."

రెండోచెంప తమ్ముడి వైపు తిరిగాడు. తెరిచి ఉన్న తలుపులోంచి రొట్టె పళ్ళెం ఒక చేతినుంచి ఇంకో చేతికి వెళ్ళడం కనపడుతోంది. అది చివరి బల్లదాకా వచ్చి, తమ్ముడి చోటు ఖాళీగా ఉండటం వల్ల అక్కడ కాసేపు ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది. అన్నదమ్ములిద్దరూ బయటే ఉండిపోయారు.